వర్ధమాన ఐస్ హాకీ ఆటగాళ్ళలో గాయాలు, శారీరక వికాసం

ఈ వ్యాసం మంచుగడ్డపై ఆడే ఐస్ హాకీ గురించినది. భారతదేశంలో హాకీ అని పిలువబడే మైదాన క్రీడ గురించి కాదు.

కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, చెకియా వంటి ఐరోపా దేశాలలోను ఐస్ హాకీ ప్రధాన క్రీడలలో ఒకటి. భారతదేశంలో లడఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాలలో మాత్రమే ఇది కొంత ప్రచారంలో ఉన్నది. ఉత్తర అమెరికాలోను, ఐరోపాలోను సుమారు 15 నుండి 20 సంవత్సరాల వయస్సులో ఉండి, మున్ముందు వృత్తి క్రీడాకారులు కాగలరని జట్లు గుర్తించిన యువకులను వర్ధమాన ఆటగాళ్ళు అని చెప్పవచ్చును. వీరి శరీరాలు ఇంకా పెరుగుతూ ఉండగానే వీరి భవిష్యత్తు గురించిన ముఖ్య నిర్ణయాలు జరిగిపోతాయి. అందువలన వీరికి తగిలే గాయాలు, వీరి శారీరక వికాసం అనే రెండు విషయాలు క్రీడావైద్యులకు, శిక్షకులకు, తల్లిదండ్రులకు, జట్ల యాజమాన్యాలకు నిరంతర చర్చనీయాంశాలైనవి. ఇవి వేరు వేరు సమస్యలుగా కనిపించినప్పటికీ రెండింటికీ మూలం ఒకటే. పూర్తిగా ఎదగని శరీరానికి ఎంత వ్యవధి ఇవ్వాలి, ఆ వ్యవధిని నిర్ణయించేది ఎవరు అన్నదే ఆ మూల ప్రశ్న.

నేపథ్యం

ఐస్ హాకీలో అత్యున్నత వృత్తి పోటీ నేషనల్ హాకీ లీగ్. దీనిని సంక్షిప్తంగా ఎన్‌హెచ్‌ఎల్ అంటారు. 2021 నుండి ఇందులో 32 జట్లు ఉన్నవి. కొత్త ఆటగాళ్ళను ఈ జట్లు ప్రతి సంవత్సరం డ్రాఫ్టు అనే ఎంపిక ప్రక్రియ ద్వారా పంచుకుంటాయి. ఈ పద్ధతి 1963లో మొదలైనది. డ్రాఫ్టు జరిగే సంవత్సరం సెప్టెంబరు 15 నాటికి 18 సంవత్సరాలు నిండే యువకులు దీనికి అర్హులు. ఏడు వరుసలలో, వరుసకు 32 చొప్పున, మొత్తం 224 మంది ఎంపికవుతారు.

ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడి సగటు ఎత్తు సుమారు 6 అడుగుల 1 అంగుళం, సగటు బరువు సుమారు 90 కిలోలు. ఆటగాళ్ళు గంటకు 30 కిలోమీటర్లకు పైబడిన వేగంతో జారుతూ ఒకరినొకరు ఢీకొంటారు. పక్‌ను అదుపులో ఉంచుకున్న ప్రత్యర్థిని భుజంతోను, తుంటితోను ఢీకొని ఆపడాన్ని బాడీ చెకింగ్ అంటారు. ఇది నిబంధనలకు లోబడినదే. కనుక 75 కిలోల బరువున్న 18 ఏళ్ళ యువకుడు ఈ లీగులో అడుగు పెట్టినపుడు, తనకంటె పదేళ్ళు పెద్దవారు, 15 కిలోలు అధిక బరువున్నవారు అతడికి ఎదురు నిలుస్తారు. నైపుణ్యంలో వారితో సమానుడైనంత మాత్రాన దేహబలంలో సమానుడు కాలేడు.

ఎదిగే శరీరం

బాలురలో ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ సగటున 13 నుండి 14 సంవత్సరాల మధ్య వస్తుంది. అయితే ఇది కొందరిలో 12 ఏళ్ళకే వచ్చి, మరికొందరిలో 15 లేదా 16 ఏళ్ళ వరకు రాకపోవచ్చును. ఈ తేడా వలన ఒకే తరగతి చదివే, ఒకే వయోవిభాగంలో ఆడే ఇద్దరు బాలుర శరీరాల మధ్య అనేక సంవత్సరాల అంతరం ఉన్నట్లు కనిపిస్తుంది. యుక్తవయస్సు ముందుగా వచ్చిన బాలుడు 14 ఏళ్ళకే పెద్దవాడి వలె ఆడగలడు. ఆలస్యంగా ఎదిగే బాలుడు అతడికంటె తెలివిగా ఆడినా ఢీకొన్న ప్రతిసారీ పడిపోతాడు.

ఎదుగుదలలో అన్ని అవయవాలు ఒకేసారి ముందుకు సాగవు. మొదట ఎముకలు పొడవు పెరుగుతాయి. ఎముకలలో ఖనిజాలు నిండి గట్టిపడటం, కండరాలకు పూర్తి బలం రావడం దాని తరువాత కొన్ని నెలలు ఆలస్యంగా జరుగుతాయి. ఈ నడిమి కాలంలో ఎముక పొడవైనదే కాని తగినంత దృఢమైనది కాదు. పొడవు పెరిగిన ఎముకలపై కండరాలు, వాటిని ఎముకకు అతికించే స్నాయువులు బిగుసుకొని ఉంటాయి. ఎముకల చివర గ్రోత్ ప్లేట్లు అనబడే మృదులాస్థి పొరలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది వీటి ద్వారానే. పెద్దవారిలో కీలు బెణికే దెబ్బ తగిలితే ఎదిగే పిల్లలలో ఈ పొర దెబ్బతినే అవకాశం ఉన్నది. కాళ్ళ ఎముకలలో ఈ పొరలు సాధారణంగా 16 నుండి 18 ఏళ్ళకు మూసుకుపోతాయి. ఛాతీ ఎముకను భుజంతో కలిపే కాలర్ ఎముకలో మాత్రం లోపలి చివరన ఉండే పొర ఇరవైలలో గాని పూర్తిగా మూసుకోదు. అనగా డ్రాఫ్టులో ఎంపికైన నాటికి అనేక మంది యువకుల అస్థిపంజరం ఇంకా పూర్తి కాలేదని అర్థం.

పుట్టిన నెల ప్రభావం

కెనడాలో బాలుర హాకీ వయోవిభాగాలను జనవరి 1 ఆధారంగా నిర్ణయిస్తారు. జనవరిలో పుట్టిన బాలుడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టిన బాలుడు ఒకే విభాగంలో ఆడతారు. పదేళ్ళ వయస్సులో ఒక సంవత్సరపు తేడా చాలా పెద్దది. ముందు పుట్టినవారు పెద్దగా, బలంగా ఉండటం వలన మంచి జట్లకు ఎంపికవుతారు. మంచి జట్టులో మంచి శిక్షణ, ఎక్కువ ఆట లభిస్తాయి. ఆ విధంగా మొదటి తేడా స్థిరపడిపోతుంది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లో ఈ విషయాన్ని గణాంకాలతో వెల్లడించారు. ఏడాది తొలి నెలలలో పుట్టినవారే జూనియర్ జట్లలో అధికంగా ఉన్నట్లు వారు చూపారు.

2013లో ప్రచురితమైన మరొక అధ్యయనం 1980 నుండి 2007 వరకు జరిగిన డ్రాఫ్టులలో ఎంపికైన కెనడా ఆటగాళ్ళను పరిశీలించినది. ఏడాది రెండవ సగంలో పుట్టినవారు ఎంపికైనవారిలో 34 శాతమే. కాని ఆడిన ఆటలలో వారి వాటా 42 శాతం, సాధించిన పాయింట్లలో 44 శాతం. ఆలస్యంగా ఎదిగినవారి విలువను జట్లు తక్కువగా అంచనా వేస్తున్నాయని దీని సారాంశం. 18 ఏళ్ళ నాడు కనిపించే బలంలో కొంత భాగం ప్రతిభ కాదు, కేవలం వయస్సు.

ప్రధానమైన గాయాలు

భుజం: ఆటగాడు అంచు గోడను గాని ప్రత్యర్థిని గాని ఢీకొన్నపుడు తాకిడి తీవ్రత ముందుగా భుజంపై పడుతుంది. భుజం గూడు లోతు తక్కువైనది. దాని అంచున ఉండే మెత్తని వలయం చిరిగితే కీలు మాటిమాటికీ తప్పుతుంది. తొలిసారి భుజం తప్పినపుడు ఆటగాడి వయస్సు ఎంత తక్కువైతే, తిరిగి తప్పే అవకాశం అంత ఎక్కువ. అందువలన యువ ఆటగాళ్ళలో శస్త్రచికిత్స తరచుగా అవసరమవుతుంది. కోలుకోవడానికి అనేక నెలలు పడుతుంది.

తుంటి, గజ్జలు: స్కేటింగులో కాలు ప్రతి అడుగుకు పక్కకు, వెనుకకు చాచబడుతుంది. నడకలో గాని పరుగులో గాని ఇటువంటి కదలిక ఉండదు. దీని వలన తొడ లోపలి కండరాలపై భారం పడుతుంది. ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టుపై జరిపి 2001లో ప్రచురించిన పరిశీలనలో, తొడ లోపలి కండరాల బలం బయటి కండరాల బలంలో 80 శాతానికి తక్కువగా ఉన్న ఆటగాళ్ళకు గజ్జల కండరం బెణికే అవకాశం 17 రెట్లు అధికమని తేలినది. ఈ లోపాన్ని ఆటల కాలం మొదలు కాకముందే కొలిచి, వ్యాయామంతో సరిదిద్దవచ్చును. కనుక ఇది నివారించదగిన గాయాలలో ఒకటి.

తుంటి కీలులో మరొక సమస్య నెమ్మదిగా ఏర్పడుతుంది. తొడ ఎముక తల, మెడ కలిసే చోట ఎముక ఉబ్బెత్తుగా పెరిగి, కాలు వంచినపుడు గూటి అంచుతో రాపిడి చెందుతుంది. అమెరికా శస్త్రవైద్యుడు మార్క్ ఫిలిపాన్ బృందం 10 నుండి 18 ఏళ్ళ హాకీ ఆటగాళ్ళను, అదే వయస్సు గల మంచు స్కీయింగు క్రీడాకారులను పోల్చి 2013లో ఫలితాలు ప్రకటించినది. ఈ మార్పును సూచించే కొలత హాకీ ఆటగాళ్ళలో 75 శాతం మందిలో, స్కీయింగు చేసేవారిలో 42 శాతం మందిలో కనిపించినది. ఎదిగే వయస్సులో ఒకే కదలికను వేలసార్లు చేయడం వలన ఎముక ఆకారమే మారుతున్నదని వైద్యులు భావిస్తున్నారు. మోకాళ్ళను లోపలికి మడిచి మంచుపై వాలే పద్ధతిలో ఆడే గోల్ కీపర్ల తుంటిపై ఈ భారం మరింత అధికం.

మెదడు కుదుపు: తలకు నేరుగా దెబ్బ తగలకపోయినా శరీరం హఠాత్తుగా ఆగిపోయినపుడు పుర్రె లోపల మెదడు కుదుపునకు గురవుతుంది. దీనిని కంకషన్ అంటారు. తలనొప్పి, వెలుతురు భరించలేకపోవడం, ఏకాగ్రత లోపించడం దీని లక్షణాలు. ఎక్స్‌రేలో గాని సాధారణ స్కానింగులో గాని ఇది కనిపించదు. కనుక ఆటగాడు స్వయంగా చెప్పినదే ప్రధాన ఆధారం. డ్రాఫ్టు సమీపిస్తున్న యువకుడు తన బాధను దాచుకొనే ప్రమాదం ఇక్కడే ఉన్నది. మెదడు కోలుకోకముందే మరొక దెబ్బ తగిలితే లక్షణాలు తీవ్రమై నెలల తరబడి నిలిచిపోవచ్చును.

కోతలు: స్కేట్ల అడుగున ఉండే ఉక్కు అలుగులు పదునైనవి. 2023 అక్టోబరులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జరిగిన ఆటలో ఆడమ్ జాన్సన్ అనే వృత్తి ఆటగాడు మెడపై స్కేటు తగిలి మరణించాడు. దీని తరువాత మెడ రక్షణ తొడుగుల విషయంలో నిబంధనలు కఠినమైనవి. అమెరికా హాకీ సమాఖ్య 2024 ఆగస్టు 1 నుండి 18 సంవత్సరాల లోపు విభాగాలలో వీటిని తప్పనిసరి చేసినది.

బాడీ చెకింగుపై వివాదం

పిల్లలకు బాడీ చెకింగు ఏ వయస్సులో మొదలు కావాలన్నది కెనడాలో అనేక దశాబ్దాలుగా సాగిన వివాదం. చిన్నతనంలోనే నేర్పితే దెబ్బను తట్టుకోవడం అలవడుతుందని ఒక వర్గం, ఎదగని శరీరాలను ఢీకొట్టించడం అనవసరమని మరొక వర్గం వాదించినవి.

ఈ వివాదాన్ని పరిశీలించడానికి సహజమైన అవకాశం ఒకటి కెనడాలోనే లభించినది. 11, 12 ఏళ్ళ పిల్లలకు అల్బెర్టా రాష్ట్రంలో బాడీ చెకింగు అనుమతి ఉండేది, క్విబెక్ రాష్ట్రంలో ఉండేది కాదు. కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన కరోలిన్ ఎమెరీ బృందం రెండు రాష్ట్రాలలో కలిపి రెండు వేలకు పైగా పిల్లలను ఒక ఆటల కాలమంతా పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించినది. అల్బెర్టా పిల్లలలో గాయాల ప్రమాదం, మెదడు కుదుపు ప్రమాదం మూడు రెట్లకు పైగా అధికమని తేలినది.

2011లో అమెరికా హాకీ సమాఖ్య బాడీ చెకింగు ప్రారంభ వయస్సును 13 ఏళ్ళ విభాగానికి పెంచినది. 2013లో కెనడా హాకీ సమాఖ్య అదే నిర్ణయం తీసుకున్నది. అమెరికా శిశువైద్య అకాడమీ 2014లో ఇంకొక అడుగు ముందుకు వేసి, 15 ఏళ్ళు దాటిన ఉన్నత స్థాయి ఆటగాళ్ళకు మాత్రమే దీనిని పరిమితం చేయాలని సూచించినది.

ఎదుటి వాదం పూర్తిగా నిరాధారమైనది కాదు. ఎమెరీ బృందమే 2011లో ప్రచురించిన మరొక అధ్యయనంలో, 13, 14 ఏళ్ళ విభాగానికి వచ్చేసరికి మొత్తం గాయాలలోను, మెదడు కుదుపులలోను రెండు రాష్ట్రాల పిల్లల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాని వారానికి మించి ఆటకు దూరం చేసే గాయాలు ముందుగా అనుభవం పొందిన పిల్లలలో కొంత తక్కువగా ఉన్నవి. అయితే ఆ స్వల్ప లాభం కొరకు అంతకు ముందు రెండేళ్ళు మూడు రెట్ల ప్రమాదాన్ని భరించవలసి ఉన్నది. ఢీకొనకుండానే సమతూకం, తల ఎత్తి ఆడటం, గోడ వద్ద నిలబడే తీరు వంటి మెళకువలను ముందుగా నేర్పవచ్చునని సమాఖ్యలు చివరికి నిర్ణయించినవి.

శారీరక పరీక్షలు, 2014 డ్రాఫ్టు

ప్రతి సంవత్సరం డ్రాఫ్టుకు ముందు ఎన్‌హెచ్‌ఎల్ కంబైన్ అనే పరీక్షా శిబిరం జరుగుతుంది. 2015 నుండి ఇది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జరుగుతున్నది. ఎత్తు, బరువు కొలవడం, వైద్య పరీక్ష, పైకి ఎగరడం, కడ్డీ పట్టుకొని శరీరాన్ని పైకి లాగడం, స్థిర సైకిలుపై 30 సెకన్లు పూర్తి శక్తితో తొక్కడం మొదలైనవి ఇందులో భాగాలు. సైకిలు పరీక్ష ముగిసిన తరువాత కొందరు వాంతి చేసుకోవడం పరిపాటి.

ఈ పరీక్షల విలువను అర్థం చేసుకోవడానికి 2014 డ్రాఫ్టు మంచి ఉదాహరణ. ఆ ఏడాది లీగు పరిశీలకుల తుది జాబితాలో ఉత్తర అమెరికా ఆటగాళ్ళలో శామ్ బెనెట్ ప్రథమ స్థానంలో ఉన్నాడు. శిబిరంలో ఇతడు కడ్డీపై ఒక్కసారి కూడా శరీరాన్ని పైకి లాగలేకపోయాడు. ఈ వార్త పత్రికలలో విస్తృతంగా వచ్చినది, కొందరు పరిహసించారు. కాల్గరీ జట్టు ఇతడిని నాలుగవ స్థానంలో ఎంపిక చేసినది. అదే ఏడాది అక్టోబరులో ఇతడి భుజానికి శస్త్రచికిత్స జరిగినది. శిబిరం నాటి వైఫల్యం కేవలం బలహీనత కాదని, భుజంలో లోపం కూడా ఉన్నదని అప్పుడు చాలామంది భావించారు.

ఆ డ్రాఫ్టులో ప్రథమ స్థానం ఆరన్ ఎక్‌బ్లాడ్‌కు దక్కినది. 6 అడుగుల 4 అంగుళాల ఎత్తుతో అప్పటికే పెద్దవాడి దేహం కలిగిన ఇతడు 18 ఏళ్ళకే ఫ్లోరిడా జట్టులో స్థానం పొంది, 2015లో ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి గెలుచుకున్నాడు. చిన్న దేహం కలిగిన బ్రేడెన్ పాయింట్ 79వ స్థానం వరకు ఆగవలసి వచ్చినది. టాంపా బే జట్టు ఇతడిని ఎంపిక చేసి, వెంటనే పిలవక మరి రెండేళ్ళు జూనియర్ లీగులోనే ఉంచినది.

తరువాత జరిగినది గమనార్హం. పాయింట్ 2020, 2021లలో స్టాన్లీ కప్ గెలిచిన జట్టులో ముఖ్యుడై, 2022–23లో 51 గోల్స్ చేశాడు. బెనెట్ 2021లో ఫ్లోరిడాకు మారి, ఎక్‌బ్లాడ్‌తో కలిసి 2024, 2025లలో స్టాన్లీ కప్ గెలిచాడు. 2025లో నాకౌట్ దశ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా పొందాడు. ముగ్గురూ ఒకే శిఖరాన్ని చేరుకున్నారు. ముందుగా ఎదిగినవాడు తొలి ఏడాదిలోనే లీగులో నిలదొక్కుకున్నాడు, గాయపడినవాడికి, చిన్నవాడికి అందుకు ఎక్కువ కాలం పట్టినది. 18 ఏళ్ళ నాటి కొలతలు వారిలో ఎవరు ఎప్పుడు సిద్ధమవుతారో కొంత చెప్పినవి, ఎంత దూరం వెళతారో చెప్పలేదు.

మరికొందరి అనుభవాలు

కానర్ మెక్‌డేవిడ్: 2015 డ్రాఫ్టులో ప్రథముడు. తన 13వ ఎన్‌హెచ్‌ఎల్ ఆటలోనే గోడకు ఢీకొని కాలర్ ఎముక విరగగా 37 ఆటలకు దూరమయ్యాడు. తిరిగి వచ్చి ఆ ఏడాది 45 ఆటలలో 48 పాయింట్లు సాధించాడు. స్పష్టంగా కనిపించే ఎముక విరుపు, తగిన విశ్రాంతితో పూర్తిగా నయమైన గాయానికి ఇది ఉదాహరణ.

జాక్ హ్యూస్: 2019 డ్రాఫ్టులో ప్రథముడు. తేలికైన దేహంతో 18 ఏళ్ళకే న్యూజెర్సీ జట్టులో చేరి, తొలి ఏడాది 61 ఆటలలో 21 పాయింట్లు మాత్రమే చేశాడు. ఇతడిని తొందరపడి ఆడించారా అన్న చర్చ అప్పుడు జరిగినది. 2022–23 నాటికి ఇతడు 99 పాయింట్లకు చేరాడు. అయితే 2024లోను, 2025లోను ఇతడి భుజానికి శస్త్రచికిత్సలు అవసరమైనవి.

మాక్లిన్ సెలెబ్రీని: 2023 వేసవిలో భుజం శస్త్రచికిత్స జరిగినది. ఆ తరువాత బోస్టన్ విశ్వవిద్యాలయం తరపున 38 ఆటలలో 64 పాయింట్లు సాధించి, అమెరికా కళాశాల హాకీలో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హోబీ బేకర్ బహుమతిని అందరికంటె చిన్న వయస్సులో పొందాడు. 2024 డ్రాఫ్టులో ప్రథముడిగా ఎంపికయ్యాడు. సరైన సమయంలో చేసిన చికిత్స డ్రాఫ్టు విలువను తగ్గించనవసరం లేదని ఇది తెలుపుతున్నది.

నోలన్ పాట్రిక్: 2017 డ్రాఫ్టులో ద్వితీయుడు. పొత్తికడుపు కండరాల గాయానికి శస్త్రచికిత్స జరిగినా డ్రాఫ్టుకు ముందటి ఏడాది 33 ఆటలే ఆడగలిగాడు. 2017లో మరొక శస్త్రచికిత్స జరిగినది. తరువాత తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి వ్యాధితో 2019–20 ఆటల కాలాన్ని పూర్తిగా కోల్పోయాడు. 222 ఆటలతో, 23 ఏళ్ళకే ఇతడి ఎన్‌హెచ్‌ఎల్ ఆట ఆగిపోయినది.

బ్రెట్ లిండ్రోస్: 1994 డ్రాఫ్టులో తొమ్మిదవ స్థానంలో ఎంపికయ్యాడు. పదే పదే మెదడు కుదుపునకు గురై, 51 ఆటలు మాత్రమే ఆడి, 1996లో 20 ఏళ్ళ వయస్సులో విరమించాడు. ఇతడి అన్న, ప్రసిద్ధ ఆటగాడు ఎరిక్ లిండ్రోస్ జీవితాన్ని కూడా అవే గాయాలు కుదించినవి. ఎరిక్ తరువాతి కాలంలో ఒంటారియో రాష్ట్రపు రోవన్స్ లా అనే చట్టం కొరకు కృషి చేశాడు. రగ్బీ ఆటలో ఒక బాలిక మరణించిన తరువాత రూపొంది 2018లో ఆమోదం పొందిన ఈ చట్టం ప్రకారం, మెదడు కుదుపు అనుమానం ఉన్న ఆటగాడిని వెంటనే ఆట నుండి తప్పించాలి.

చివరి ఇద్దరి అనుభవాలు ఒక హద్దును సూచిస్తాయి. ఎముక, కండరం కాలంతో బలపడతాయి. మెదడుకు, నరాలకు సంబంధించిన బాధల విషయంలో అటువంటి భరోసా లేదు. ఎదురుచూడటం చాలామందికి మేలు చేస్తుంది కాని అందరినీ కాపాడలేదు.

జూనియర్ లీగులు, విశ్వవిద్యాలయాలు

ఉత్తర అమెరికాలో 16 నుండి 20 ఏళ్ళ ఆటగాళ్ళకు రెండు ప్రధాన మార్గాలు ఉన్నవి. మొదటిది కెనడియన్ హాకీ లీగ్. ఇందులోని ఒంటారియో, పశ్చిమ లీగులలో ఏడాదికి 68 ఆటలు జరుగుతాయి. పశ్చిమ లీగులో బస్సు ప్రయాణాలు సుదీర్ఘమైనవి. రెండవది అమెరికా విశ్వవిద్యాలయాల పోటీ. ఇందులో ఏడాదికి సుమారు 35 నుండి 40 ఆటలు, అవి కూడా ఎక్కువగా శుక్ర, శనివారాలలో జరుగుతాయి. మిగిలిన రోజులు వ్యాయామశాలలో బలం పెంచుకోవడానికి, గాయాల నుండి కోలుకోవడానికి ఉపయోగపడతాయి. ప్రత్యర్థులు 20 నుండి 24 ఏళ్ళవారు కావడం వలన దేహబలంతో ఆడటం కూడా అలవడుతుంది.

కెనడియన్ హాకీ లీగులో ఆడినవారిని వృత్తి ఆటగాళ్ళుగా పరిగణించి విశ్వవిద్యాలయాలు చాలా కాలం అనుమతించలేదు. 16 ఏళ్ళకే తేల్చుకోవలసిన ఈ నిర్ణయం వెనుకకు తీసుకోలేనిది. 2024 నవంబరులో అమెరికా కళాశాల క్రీడా సంస్థ ఈ నిషేధాన్ని ఎత్తివేసినది. కొత్త నియమం 2025 ఆగస్టు 1 నుండి అమలులోకి వచ్చినది. ఆ వేసవిలోనే పశ్చిమ లీగు అగ్రశ్రేణి ఆటగాడు గావిన్ మెక్‌కెన్నా పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి మారాడు. 2007 డిసెంబరులో పుట్టిన ఇతడు సెప్టెంబరు గడువు కారణంగా 2025 డ్రాఫ్టుకు కాక 2026 డ్రాఫ్టుకు అర్హుడు. దీని వలన శరీరం ఎదగడానికి ఇతడికి ఒక అదనపు సంవత్సరం లభించినది.

మరొక చిక్కు కూడా ఉన్నది. కెనడియన్ హాకీ లీగు నుండి ఎంపికైన 18, 19 ఏళ్ళ ఆటగాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో స్థానం పొందకపోతే తిరిగి జూనియర్ లీగుకే వెళ్ళాలన్న ఒప్పందం చాలా కాలం సాగినది. మధ్యస్థమైన అమెరికన్ హాకీ లీగులో ఆడే వీలు అతడికి లేదు. ఫలితంగా జూనియర్ స్థాయిని మించినా ఎన్‌హెచ్‌ఎల్‌కు శరీరం సిద్ధం కాని యువకుడికి తగిన చోటు లేకుండెను. 2025 జూలైలో ఆటగాళ్ళ సంఘం, లీగు ఆమోదించిన ఒప్పందంలో ఒక్కొక్క జట్టు ఒక 19 ఏళ్ళ ఆటగాడిని ఆ లీగుకు పంపే దిశగా సడలింపు చేర్చారు. అదే ఒప్పందం ప్రకారం 2026–27 నుండి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఆడవలసిన ఆటలు 82 నుండి 84కు పెరుగుతాయి, కొత్తగా లీగులో చేరేవారు మెడ తొడుగు ధరించాలి. ఒక చేతితో వ్యవధి ఇచ్చి మరొక చేతితో భారం పెంచినట్లు దీనిని భావించవచ్చును.

ఏడాది పొడవునా ఆట

ఒకప్పుడు కెనడా పిల్లలు చలికాలంలో హాకీ, వేసవిలో బేస్‌బాల్, లక్రాస్ వంటి ఆటలు ఆడేవారు. కృత్రిమ మంచు మైదానాలు, వేసవి శిబిరాలు, ప్రైవేటు అకాడమీలు పెరిగిన తరువాత ఏడాది పొడవునా హాకీయే ఆడే పిల్లల సంఖ్య పెరిగినది. పోటీలో వెనుకబడతామన్న భయం, పెట్టిన ఖర్చు ఇందుకు కారణాలు. ఒకే కదలిక, ఒకే కీలు, విరామం లేని భారం వలన తుంటి, గజ్జల సమస్యలు వస్తున్నవి.

అమెరికా శిశువైద్య అకాడమీ 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం 15 లేదా 16 ఏళ్ళ వరకు ఒకే ఆటకు పరిమితం కాకపోవడం మంచిది. వారానికి ఒకటి లేదా రెండు రోజులు విశ్రాంతి, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ప్రధాన క్రీడకు విరామం ఉండాలి. ఎత్తు వేగంగా పెరిగే నెలలలో శిక్షణ భారాన్ని తగ్గించడం కూడా అవసరం. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కొన్ని నెలలకొకసారి ఎత్తు కొలిచి రాసుకుంటే ఆ దశను గుర్తించవచ్చును. క్రమబద్ధమైన పర్యవేక్షణలో చేసే బరువుల వ్యాయామం పిల్లల ఎదుగుదలను ఆపుతుందన్న నమ్మకానికి ఆధారాలు లేవు, పైగా అది గాయాలను తగ్గిస్తుంది.

దీర్ఘకాలిక ప్రభావం

బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరణానంతరం దానమిచ్చిన 77 మంది పురుష హాకీ ఆటగాళ్ళ మెదళ్ళను పరీక్షించి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. తలకు పదే పదే తగిలే దెబ్బలతో సంబంధమున్న సీటీఈ అనే మెదడు క్షీణత 42 మందిలో కనిపించినది. అదనంగా ఆడిన ప్రతి సంవత్సరానికి ఈ వ్యాధి ఉండే అవకాశం 34 శాతం చొప్పున పెరిగినది. లక్షణాలు ఉన్నవారి కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేస్తాయి కనుక ఈ నిష్పత్తిని ఆటగాళ్ళందరికీ వర్తింపజేయరాదు. అయినప్పటికీ ఆడిన సంవత్సరాల సంఖ్యతో ప్రమాదం పెరగడం ముఖ్యమైన విషయం. బాల్యంలో దెబ్బలు లేకుండా గడిపిన ప్రతి సంవత్సరం జీవితకాలపు లెక్కలో తగ్గే సంవత్సరమే.

విశ్లేషణ

పై విషయాలను కలిపి చూసినపుడు గాయాల చర్చలో ఎక్కువగా వినిపించే ప్రశ్న, అనగా ఈ కుర్రవాడు తట్టుకోగలడా అన్నది, అసంపూర్ణమైనదని తెలుస్తుంది. ఎప్పుడు తట్టుకోగలడు అన్నది సరైన ప్రశ్న. దాని జవాబు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. వ్యవస్థ మాత్రం అందరికీ జనవరి 1, సెప్టెంబరు 15 అనే ఒకే తేదీలను నిర్ణయించినది.

తొందరకు కారకులు ఒక్కరు కారు. ఓడిపోతున్న జట్టు కొత్త ఆటగాడిని చూపి ప్రేక్షకులను ఆకర్షించాలనుకుంటుంది. సంవత్సరాల తరబడి ఖర్చు భరించిన కుటుంబం ఫలితం కోరుకుంటుంది. ఆటగాడు అవకాశం చేజారుతుందని భయపడి నొప్పిని దాచుకుంటాడు. గాయాల వివరాలను పై శరీరపు గాయం, క్రింది శరీరపు గాయం అని మాత్రమే ప్రకటించే ఎన్‌హెచ్‌ఎల్ ఆనవాయితీ వలన బయటివారికి నిజం తెలియదు.

నిరీక్షణకు కూడా మూల్యం ఉన్నది. తనకంటె తక్కువ స్థాయి పోటీలో ఎక్కువ కాలం ఉన్న ఆటగాడు చెడు అలవాట్లు నేర్చుకోవచ్చునని, ఆదాయం కోల్పోతాడని, ఎన్‌హెచ్‌ఎల్ వ్యాయామ శిక్షకుల పర్యవేక్షణే అతడికి మేలని కొందరు వాదిస్తారు. ఎక్‌బ్లాడ్ వంటివారి విషయంలో ఈ వాదన సరైనదే. అయితే తొందరపడిన నిర్ణయం తప్పైతే దాని భారం జట్టుకంటె ఆటగాడి శరీరంపైనే ఎక్కువగా పడుతుంది. జట్టుకు వచ్చే ఏడాది మరొక డ్రాఫ్టు ఉంటుంది, ఆ యువకుడికి భుజాలు రెండే.

2011 నుండి జరిగిన మార్పులు, అనగా బాడీ చెకింగు వయస్సు పెంపు, మెదడు కుదుపు చట్టాలు, విశ్వవిద్యాలయ ద్వారం తెరుచుకోవడం, 19 ఏళ్ళవారికి సడలింపు, అన్నీ ఒకే దిశలో సాగినవి. ఎదిగే శరీరానికి కొంత వ్యవధిని అవి సమకూర్చినవి. ఆ వ్యవధిని ఎలా వినియోగించుకోవాలన్నది వైద్యుడు, శిక్షకుడు, తల్లిదండ్రులు, ఆటగాడు కలిసి నిర్ణయించవలసిన విషయం. ఉత్తర అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలను ఈ ఆటలో చేర్చినవారికి కూడా ఇదే వర్తిస్తుంది. పక్క ఇంటి పిల్లవాడు ముందుగా ఎదిగినంత మాత్రాన తమ పిల్లవాడు వెనుకబడినట్లు కాదు.